వరసలు కట్టుకున్న ఊరు

మొండితనం కాదండీ అది. ఎన్నిసార్లు చెప్పాలి? మా పాత ఆఫీసు గ్రూపులో నిన్న మళ్ళీ ఎవడో పెట్టాడు, "ఆ ముసలావిడ మొండితనం వల్ల ఇల్లు పోగొట్టుకుంది, మనమేం చేస్తాం" అని. దాని కింద వరసగా దండాల బొమ్మలు. ఆటోలో కూర్చుని చదివాను. జవాబు టైపు చేస్తూ చేస్తూ దిగాల్సిన చోటు దాటిపోయాను. చివరికి టైపు చేసిందంతా చెరిపేసి గ్రూపులోంచి బయటికొచ్చేశాను. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ చెప్తాను. ఇలాంటి ఉద్యోగాల్లో కొత్తగా చేరబోయేవాళ్ళు, మెడలో ఐడీ కార్డు వేలాడేసుకుని టాబ్లెట్ పట్టుకుని పల్లెల మీద పడబోయేవాళ్ళు, మీరు ముఖ్యంగా వినండి. నాదీ మీ వయసే. కానీ చేసిన ఒక్క ఉద్యోగమూ మానేసినదాన్ని కాబట్టి, రిటైరైన పెద్దమనిషిలా మాట్లాడే హక్కు నాకుందనే అనుకుంటున్నాను.

నేను విశాఖపట్నంలో అపార్ట్‌మెంట్లో పెరిగినదాన్ని. మా ఎదురు ఫ్లాట్ వాళ్ళ పేరు నాకు ఫోన్లో వైఫై పేర్లు చూస్తే తెలిసింది, అంతకుమించి వాళ్ళతో పరిచయం లేదు. అలాంటి నన్ను ఒడిశాలో రాయగడ పంపించారు. అక్కడ రోడ్డు వెడల్పు చేస్తున్నారు. కొల్నార దాటాక రోడ్డు వారగా ఉన్న ఒక తెలుగువాళ్ళ కాలనీ అందులో పోతోంది. ఇల్లు పోయే ప్రతి కుటుంబానికీ వేరేచోట ఒక గదీ, వరండా కట్టి ఇస్తారు. ఎవరిది ఏ కుటుంబమో తేల్చే సర్వే పని ఒక ప్రైవేటు కంపెనీకి ఇచ్చారు. అందులో నాది కాంట్రాక్టు ఉద్యోగం. తెలుగు వచ్చు, ఒడియా అర్థమవుతుంది, స్కూటీ నడుపుతుంది, నోరుంది. ఆ నోరు చూసే నిన్ను తీసుకున్నామని తర్వాత మా టీమ్ లీడరే అన్నాడు.

సర్వే నాకంటే ముందొచ్చినవాళ్ళు చేసి వెళ్ళిపోయారు. నాకు మిగిలింది ఫిర్యాదులు. అందరిదీ ఒకటే ఫిర్యాదు. కాలనీలో ఇళ్ళు బోలెడున్నాయి, కొత్తచోట వచ్చే గదులు అందులో సగం కూడా లేవు. టాబ్లెట్ తెరిచి చూస్తే నాకు మతిపోయింది. ఆ కాలనీ అంతా ఏవో కొన్ని పెద్ద ఉమ్మడి కుటుంబాలని ఉంది. ఈ ఇంటాయన ఆ ఇంటాయనకి తమ్ముడు, ఆయన పక్కింటావిడకి మేనమామ, ఆవిడ మళ్ళీ ఎదురింటివాళ్ళకి చిన్నమ్మ. అన్నదమ్ములందరినీ కలిపి ఒక కుటుంబంగా లెక్కేసింది ఆ యాప్. భర్త పోయి, పిల్లలు లేని ఆడమనిషికి అదే ఊళ్ళో తమ్ముడుంటే, ఆవిడ తమ్ముడి కుటుంబంలో మనిషి. ఆవిడకి వేరే గది లేదు.

"సబ్ రిస్తేదార్ హై యార్, కామ్ ఆసాన్ హో గయా," అన్నాడు టీమ్ లీడర్. భువనేశ్వర్ నుంచి వచ్చిన కుర్రాడు. అందరూ చుట్టాలే కాబట్టి పని తేలికైందని అతని సంతోషం.

నేను మొదట వెళ్ళింది ఆ గ్రూపువాళ్ళు మొండిదన్న ఆవిడ ఇంటికే. మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. భర్త పోయాడు, పిల్లల్లేరు. గుమ్మంలో కూర్చుని చేటలో సోళ్ళు, అదే రాగులు, చెరుగుతోంది. నేను ఫోన్లోంచి తల ఎత్తకుండానే, "ఆంటీ, మీ పేరు మీద కంప్లైంట్ ఉంది," అన్నాను.

"ఆంటీ ఏటి? ఆంటీ ఏ వరస?" చెరగడం ఆపలేదావిడ. "సిన్నమ్మా, అత్తా, అప్పా, ఏదోటి సూసుకో. ఏటీ కాపోతే గుమ్మం బయటే ఉండు."

"నేను సర్వే నుంచి వచ్చానండీ."

"అది ఉద్యోగమమ్మీ, వరస కాదు. మీ అమ్మ నాకంటే సిన్నదే అయ్యుంటాది. పెద్దమ్మా అను. ఊఁ, ఇప్పుడు లోపలికి రా. ఆ ఫోను సేతికి అతికించీసేరేటి, ఊడదా?"

నాకు ఒళ్ళు మండింది. అయినా లోపలికెళ్ళాను, ఎందుకంటే అక్కడొక్కచోటే ఫ్యాన్ తిరుగుతోంది.

"రెండిళ్ళవతల ఉన్నాయన మీ సొంత తమ్ముడేనా?"

"సొంతం కాకపోతే అద్దెకి తెచ్చుకున్నానేటి?"

"అంటే ఒకే అమ్మకి పుట్టారా?"

"ఆలది రాజాం పక్క. మాది టెక్కలి పక్క. ఒక కడుపున ఎలాగ పుడతామే పిచ్చిదానా?"

"మరి తమ్ముడెలా అయ్యాడు?"

"ఊరు సెప్పింది," అంది, పొద్దు ఎటు పొడుస్తుందో చెప్పినంత మామూలుగా.

ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఆవిడా, ఇంకా కొంతమంది ముసలాళ్ళూ ముక్కలు ముక్కలుగా చెప్పింది ఇది. అక్కడ ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో తాపీ పనికి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి జనాన్ని లారీల్లో తెచ్చారు. వాళ్ళ వెనక ఆసుపత్రిలో ఆయాలు, నర్సులు వచ్చారు. ఒక పంతులుగారు, ఒక గుమస్తా వచ్చారు. ఎక్కువమంది క్రైస్తవులు. ఒక ఊరివాళ్ళు ఇద్దరుండరు, ఒకే ఇంటిపేరు రెండిళ్ళకుండదు. సొంత ఊళ్ళలో ఎవరి వీధి వాళ్ళది, ఈ వీధివాడు ఆ వీధిలోకి చెప్పులతో వెళ్ళకూడదు. ఇక్కడ టార్పాలిన్ ఒకటే, అందరూ దానికిందే. కానీ కిందున్నారంతే. ఎవరికి ఎవరూ ఏమీ కారు.

ఒకరోజు పరంజా మీంచి పడి ఒక తాపీ మేస్త్రి చనిపోయాడు. ఒంటరిగా వచ్చినవాడు. "ఇతని మనుషులెవరు?" అని కాంట్రాక్టరు మనిషి వచ్చి అడిగాడు. ఎవరూ మాట్లాడలేదు. నా మనిషి అన్నవాడు శవాన్ని మొయ్యాలి, ఊరికి కబురు తీసుకెళ్ళాలి, పనికి నాగా పెట్టాలి. శవం ఎండలో అలాగే ఉండిపోయింది. ఆఖరికి ఆసుపత్రి బండివాళ్ళు తీసుకెళ్ళి ఎక్కడో పూడ్చారు. ఎక్కడో ఇప్పటికీ ఎవరికీ తెలీదు.

ఆ వచ్చిన ఆదివారం ప్రార్థన అయ్యాక ఒక మేస్త్రి భార్య లేచి, ఇలా అయితే రేపు మనందరికీ ఇదే గతి అంది. చుట్టాలు లేకపోతే మనమే కట్టుకుందాం అంది. అప్పటికప్పుడు ఒక్కో ఇంటివాళ్ళని నిలబెట్టి వరసలు చెప్పేశారు. నువ్వు ఈ ఇంటికి తమ్ముడివి. మీరు వాళ్ళకి మేనమామ వరస. వీళ్ళూ వాళ్ళూ వియ్యాల వరస. ఆ తర్వాత ఎవరు కొత్తగా వచ్చినా మొదటి ఆదివారం లేచి నిలబడాలి, ఊరు వాళ్ళకి వరస చెప్పాలి. తిరుగు లేదు. పెళ్ళిలో మేనమామ చేసేవన్నీ ఆ మేనమామ చేస్తాడు. పురుడు పుట్టింటి వరస ఇంట్లో పోస్తారు. ఎవరైనా పోతే సమాధిలో తొలి మట్టి తోడబుట్టిన వరసవాళ్ళో, బావమరిది వరసవాళ్ళో వేస్తారు. పిల్లల పెళ్ళిళ్ళూ ఆ వరసలు చూసే చేస్తారు. అన్నదమ్ముల వరస ఇళ్ళలో ఒక అబ్బాయీ అమ్మాయీ ఇష్టపడ్డారట, ఊరు ససేమిరా అంది.

"రక్తసంబంధం కాదు కదా పెద్దమ్మా," అని నేను వాదించాను.

"రక్తమేటమ్మీ, దోమ కూడా తాగుతాది. వరస వరసే."

అదీ ఊరు. పిల్లలు ఒడియాలో ఆడుకుంటారు, తిట్టుకోడానికి మాత్రం తెలుగులోకి వస్తారు. సంతలో కొండవాళ్ళతో వాళ్ళ మాటల్లోనే బేరమాడతారు. ఏ ఇంట్లో కూర కుదరకపోయినా గిన్నె పట్టుకుని ఏదో ఒక వదిన గుమ్మంలో నిలబడతారు. సర్వేవాళ్ళు వచ్చి "అతను మీకేమవుతాడు" అని అడిగితే ప్రతివాళ్ళూ నిజమే చెప్పారు. తమ్ముడు అన్నారు. మామ అన్నారు. ఇంకేం చెప్తారు?

దారి నేనే కనిపెట్టాను. భూసేకరణ ఆఫీసరు విచారణ పెడతాడు. ఒక్కొక్కరూ ఆయన ముందుకొచ్చి, ఫలానావాడితో నాకు సంబంధం లేదు, అతనికీ నాకూ ఒకరిమీద ఒకరికి ఏ హక్కూ బాధ్యతా లేదు అని చెప్పి సంతకం పెడితే, యాప్ వాళ్ళని వేరు కుటుంబంగా ఒప్పుకుంటుంది. గది వస్తుంది. ఒక్క వాక్యం. నేను ఒడియాలో వాయిస్ మెసేజ్ చేసి కాలనీ అందరికీ పంపించాను: "సే మోర కేహి నుహన్తి." ఆయన నాకు ఎవరూ కాడు.

టీకొట్టు దగ్గర నా గొంతు పెట్టుకుని ప్రాక్టీసు చేసేవారు. ఒకటే నవ్వులు.

"ఏరా బావా, రేపట్నించి నువ్వు నాకేటీ కావురా."

"అమ్మయ్య. నీ టీ డబ్బులు నువ్వే ఇచ్చుకో అయితే."

నేనూ నవ్వాను. వీడియో తీసి స్టేటస్ కూడా పెట్టుకున్నాను. పెద్దమ్మ తమ్ముడు కూడా అక్కడే ఉండేవాడు. రాయగడ మునిసిపాలిటీలో నీళ్ళ పైపుల ఫిట్టర్‌గా చేసినవాడు. సన్నగా, కొంచెం వంగి ఉంటాడు. ఆయనొక్కడే ప్రాక్టీసు చెయ్యలేదు. "మా అప్ప సెప్పాల గదా ముందు," అనేవాడు. అక్కని అప్ప అంటారు వాళ్ళు.

విచారణ రోజు ఒక స్కూలు వరండాలో టేబుల్ వేశారు. ఆఫీసరు ఒడియా ఆయన, నెమ్మదైన మనిషి. నేను పక్కన టాబ్లెట్‌తో. మొదట వచ్చింది ఆ టీకొట్టు బావలు కాదు, పక్కపక్క ఇళ్ళలో ఉండే ఇద్దరు అన్నదమ్ముల వరసవాళ్ళు. పెద్దాయన నవ్వుతూనే అన్నాడు, సే మోర కేహి నుహన్తి. ఆఫీసరు రెండో ఆయన వైపు తిరిగి, "నిజమేనా? నువ్వు ఇతనికి ఏమీ కావా?" అని అడిగాడు.

అడగాలని నిబంధన. నేను ప్రాక్టీసు చేయించిన దాంట్లో ఈ ప్రశ్న లేదు.

ఆయన కాసేపు పెద్దాయన మొహం చూశాడు. "అవును సార్, ఏమీ కాను," అన్నాడు. ఇద్దరూ సంతకాలు పెట్టారు. కలిసొచ్చినవాళ్ళు మెట్లు దిగి, ఒకరు ఇటూ ఒకరు అటూ వెళ్ళారు.

ఆ తర్వాత లైన్లో ఎవరూ నవ్వలేదు. వస్తున్నారు, అంటున్నారు, రెండోవాళ్ళు అవునంటున్నారు, పోతున్నారు. ఒకావిడ తన మేనమామ వరసాయన్ని ఏమీ కాడని చెప్పి, తిన్నగా పంపు దగ్గరకెళ్ళి నోరు పుక్కిలించుకుంది. టాబ్లెట్‌లో ఒక్కో పేరు పక్కన పచ్చ టిక్కు పడుతోంది. ఒక్కో టిక్కు ఒక్కో గది. మధ్యాహ్నానికల్లా ఆ ఊళ్ళో ఎవరికి ఎవరూ ఏమీ కారు.

చివర్లో పెద్దమ్మ వచ్చింది. ఇస్త్రీ చీర, చేతిలో పాత హ్యాండుబ్యాగు. ఆవిడ పక్కన తమ్ముడు.

"ఆయన మీకేమవుతారు?" అన్నాడు ఆఫీసరు ఒడియాలో.

"సే మోర భాయి." నా తమ్ముడు.

నేను తల ఎత్తాను. ఆఫీసరు నావైపు చూశాడు. "పెద్దమ్మా," అన్నాను నెమ్మదిగా, "మనం అనుకున్నది చెప్పండి."

"ఒక కడుపున పుట్టనేదు. అది నిజివే, రాసుకోండి," అంది. తర్వాత ఆఫీసరుకి ఒడియాలో అదే చెప్పింది, మిషన్ ఆసుపత్రి ఒడియా, నాకంటే శుభ్రంగా ఉంది. "ఏటీ కాడంటే మాత్రం ఒప్పుకోను."

ఆఫీసరు కళ్ళజోడు తీశాడు. సొంత తమ్ముడు కాదు, వరసకి తమ్ముడు అని రాయొచ్చేమో చూడమని నేను బతిమాలాను. ఆయన టాబ్లెట్ తీసుకుని చూశాడు కూడా. సంబంధం ఉంది, సంబంధం లేదు, ఆ రెండే ఉన్నాయి. మూడోది లేదు.

"సెప్పీయే అప్పా," అన్నాడు తమ్ముడు. "నీకు దండవెడతాను. నానేటీ అనుకోను."

"నువ్వు అనుకోవు. నాను అనుకుంతాను."

"గది పోద్దే."

"పోనీ. నీ గదిలో ఓ మూల ఉంతాను. ఏటి, ఒద్దంతావా?"

ఆయన తల అడ్డంగా ఊపి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆవిడ పేరు పక్కన ఎర్ర గుర్తు అలాగే ఉండిపోయింది.

బయట మామిడిచెట్టు కింద ఆవిడని పట్టుకున్నాను. నోటికొచ్చింది అరిచాను. పిచ్చా మీకు అన్నాను. నెల రోజులు మీ కోసం ఎండలో తిరిగాను అన్నాను. ఊరంతా అన్న మాట మీకొక్కరికే అంత బరువైపోయిందా అన్నాను.

"అరవకమ్మీ, అందరూ సూస్తన్నారు."

"చూడనీండి!"

"నా మొగుడు పోయినపుడు తొలి మట్టి ఎవుడేసేడు? ఆడే. పనిలోంచి లగెత్తుకొచ్చి, ఆ తడిబట్టల్తోనే ఏసేడు. రేపు నాను పోతే ఎవుడెయ్యాల? ఏటీ కాడనీసి సంతకం ఎట్టీసి, రా తమ్ముడా మట్టెయ్యి అని పిలవమంతావా?"

"పోయాక ఎవరు వేస్తే ఏంటి పెద్దమ్మా? బతికున్నన్నాళ్ళు గది కావాలి కదా!"

ఆవిడ నన్ను చాలాసేపు చూసింది. కోపంగా కాదు. జ్వరం వచ్చిన పిల్లని చూసినట్టు. "అన్నం తిన్నావా?" అంది.

నాకు ఇంకా కోపం వచ్చింది. స్కూటీ తీసుకుని వెళ్ళిపోయాను.

వానలకి ముందే కాలనీ పడగొట్టారు. కొత్త కాలనీ రాయగడ వైపు, మెట్టనేలలో. వరసగా ఒకేలాంటి గదులు, నీలం రేకులు, గోడ మీద నంబర్లు. "నీ క్లస్టరే బెస్ట్," అని టీమ్ లీడర్ అందరి ముందూ చప్పట్లు కొట్టించాడు. "ఆ ఒక్క ముసలావిడ తప్ప. ఒక్క మాట అనడానికి ఏం పోయింది?" అన్నాడు. మీకు నా సంగతి తెలుసుగా. ఆ రోజే మానేశాను. వెళ్ళేముందు అతనితో ఏమన్నానో ఇక్కడ రాస్తే వేసేవాళ్ళుండరు.

తర్వాత కొన్నిసార్లు వెళ్ళాను. పెద్దమ్మ తమ్ముడి గదిలో మూల కాదు, వరండాలో ఉంది. గది వచ్చిందని తెలిసి, దామంజోడిలో కాంట్రాక్టు పని చేసే తమ్ముడి కొడుకు భార్యాపిల్లల్ని తెచ్చి ఇక్కడ పెట్టాడు. చెడ్డవాడని చెప్పడానికి లేదు. "అత్తని పొమ్మనలేదు కదండీ. లోపలికి రమ్మనడానికే సోటు నేదు," అన్నాడు నాతో, తల దించుకుని. తమ్ముడు తన నవారు మంచం ఆవిడకిచ్చి, తను పక్కన కింద పడుకుంటున్నాడు. వాన జల్లు కొట్టకుండా టార్పాలిన్ కట్టారు. గాలి వస్తే అది రాత్రంతా కొట్టుకుంటుందట. ఆవిడకి ఆయాసం పట్టుకుంది.

మిగతావాళ్ళకి గదులున్నాయి, తలుపులున్నాయి. ఆ తలుపులు వేసి ఉంటున్నాయి. పోట్లాటలేం లేవు. కనబడితే "బావున్నారా అండీ" అనుకుంటున్నారు. అండీ! పుట్టినప్పటి నుంచీ ఒరే బావా అని పిలుచుకున్నవాళ్ళు. పెద్దమ్మ వరండా ముందునుంచి వెళ్ళాల్సొస్తే కొంతమంది వెనక సందులోంచి చుట్టూ తిరిగి పోతున్నారు. ఆవిడ ఎవరినీ ఏమీ అనలేదు. అననక్కర్లేదు, అక్కడ కూర్చుని "ఒరే తమ్ముడా, నీళ్ళు" అని పిలిస్తే చాలు, ఆ వీధి వీధంతా వినిపిస్తుంది.

పోయిన ఆదివారం ఆవిడని చేయిపట్టుకుని ప్రార్థనకి తీసుకెళ్ళాను. రేకుల షెడ్డు. వెనక బల్ల మీద కూర్చున్నాం. ఆ రోజు ఒక కొత్త కుటుంబం వచ్చింది. పార్వతీపురం వైపు నుంచి, భర్తకి ఏదో స్కూల్లో ఉద్యోగమట. భార్య చంకలో పాప. ప్రార్థన అయింది. ఆమెన్ అన్నారు. పాస్టరుగారు పుస్తకం మూసి, అలవాటుకొద్దీ ఒక క్షణం అలాగే నిలబడ్డారు. జనం లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. ఆ పాప తల్లి కొత్త మొహాల వైపు చూసి ఊరికే నవ్వుతోంది. కొందరు తిరిగి నవ్వారు. బయటికి నడిచారు.

నేను పెద్దమ్మని మోచేత్తో పొడిచాను. "చెప్పండి. మీరన్నా చెప్పండి. చెల్లెలనో కోడలనో, ఏదో ఒకటి."

ఆవిడ ఆ పిల్లవైపే చూస్తోంది. ఆయాసం తగ్గేదాకా ఆగింది.

"నానొక్కదాన్నీ సెప్తే అది వరస కాదమ్మీ. ముద్దుకి పిలుసుకోడమవుతాది. ఊరు సెప్పాల."

ఆ పిల్ల గుమ్మం దగ్గర ఎవరినో "ఏమండీ, ఇక్కడ పాలు ఎక్కడ దొరుకుతాయి?" అని అడిగింది. అటు అని చెయ్యి చూపించి ఆయన వెళ్ళిపోయాడు.

ఊరు కొత్తచోటికి సాఫీగా మారిపోయిందని కంపెనీ రాసుకుంది. కొత్తగా చేరిన మీకు దాన్ని ట్రైనింగులో తెర మీద చూపిస్తారు కూడా, నీలం రేకుల ఫోటోలతో సహా. ఇళ్ళు మారాయి, ఒప్పుకుంటాను. మంచాలూ గిన్నెలూ మారాయి, నేనే ట్రాక్టర్లు మాట్లాడాను. ఊరు మారిందంటారా? సరే, ఏది, ఎక్కడుందో మీలో ఒక్కరు వచ్చి నాకు వేలెత్తి చూపించగలరా?